మన ఆడపిల్లలు – నర్సు చదువు

"నలుగురికి ఉపయోగపడే పని నాన్నా" అని మా అమ్మాయి నర్సు చదువు దరఖాస్తుపై సంతకమడిగినది. ఆ పూట మా అమ్మ అన్నము ముట్టలేదు. "రాత్రి డ్యూటీలకు పోయే పిల్లను ఎవరు చేసుకుంటారురా?" అన్నది. నేను కాగితమును సొరుగులో పెట్టితిని. గుమాస్తాను గదా, ఫైలు తొక్కిపెట్టుట తెలిసిన విద్యయే.

మన వేలూరులో డాక్టరు ఐడా స్కడర్ 1909లోనే నర్సుల బడి పెట్టినది. 1946లో అక్కడ డిగ్రీ చదువు కూడ వచ్చినది. మన ఇండ్లలో శంక మాత్రము పోలేదు.

ఆ నెలలోనే అమ్మకు పక్షవాతము వచ్చి ఆసుపత్రిలో చేర్చితిమి. రెండు గంటలకొకసారి నర్సమ్మ వచ్చి ఆమెను పక్కకు ఒత్తిగిలజేసి, వీపు, మడమలు కందినవేమో చూచేది. అట్లు చేయనిచో పుండ్లు పడునట. మింగగలదో లేదో పరీక్షింపనిదే గుక్కెడు నీళ్ళయినను పోయనీయలేదు. పొరబోతే ఊపిరితిత్తులకే ముప్పట. కొసరి కొసరి పోయబోయిన నాకు చీవాట్లు తప్పలేదు. జాలి గలవారెవరైనను చేయగలరనుకొంటిని గాని, డిగ్రీకి నాలుగేండ్లు ఎందుకో అప్పుడు తెలిసినది.

ఇంటికి వచ్చిన వారమునకు, ఇంకను తడబడు మాటతోనే, "ఆ కాగితమేమి చేసితివిరా?" అన్నది అమ్మ.

సొరుగు తీసితిని.