పరువు నిలిపిన ఒక్కడు

2018 జనవరి 6. ఎముకలు కొరికే చలి. క్లీవ్‌లాండ్ స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో అభిమానుల ఊరేగింపు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్ 2017 సీజన్‌లో 16కి 16 మ్యాచ్‌లూ ఓడిన 'ఘనత'కు వారి నిరసన అది. అట్టడుగు జట్టుకే కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో మొదటి వంతు. అలా 2017లో దొరికిన మైల్స్ గారెట్ నిలదొక్కుకున్నాడు. 2018లో ఎంచుకున్న బేకర్ మేఫీల్డ్‌ను మాత్రం 2022లో వదిలించుకున్నారు.

వీరాభిమాని లెక్క వేరు. అతడికి డ్రాఫ్ట్ అంటే 2007లో మూడో ఎంపికగా వచ్చిన జో థామస్. ఆ రోజు వేదికెక్కకుండా తండ్రితో చేపలవేటకు పోయిన మనిషి. తొలి పదేళ్లూ ప్రో బౌల్ గౌరవం దక్కింది. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్. ప్లేఆఫ్ మ్యాచ్ మాత్రం ఒక్కటీ ఆడలేదు. వరుసగా 10,363 స్నాప్‌లు ఆడి, 2017 అక్టోబర్‌లో చేతి కండరం చిరిగాకే మైదానం వీడాడు.