వీడియో గేమ్ సమీక్షల్లో మార్కులు: వాటిని అర్థం చేసుకోవడం ఎలా?

పదికి ఏడు మార్కులు వచ్చిన గేమ్ మంచిదేనా? జవాబు చెప్పే ముందు, ఆ మార్కులు ఏ కొలబద్ద ప్రకారం వేశారో మీరు చూడాలి.

కొలబద్దల్లో తేడాలు: జపాన్ పత్రిక 'ఫామిత్సు'లో నలుగురు సమీక్షకులు తలా పదికి మార్కులు వేస్తారు, మొత్తం 40. ఐజీఎన్ పది మార్కుల కొలబద్దలో 7 అంటే 'బాగుంది', 6 అంటే 'ఫర్వాలేదు', 5 అంటే 'అంతంతమాత్రం'. అంటే 5 కొలబద్దకు నడుమ ఉన్నా, పాఠకుడికి అది మెప్పు కాదు.

సగటు మార్కు: మెటాక్రిటిక్ వెబ్‌సైట్ వేర్వేరు సమీక్షల మార్కులను 100కు మార్చి, భారిత సగటు కడుతుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. 70 వచ్చిన సినిమాకు ఆకుపచ్చ రంగు ఇస్తారు. అదే 70 వచ్చిన గేమ్‌కు పసుపు. గేమ్‌లకు ఆకుపచ్చ 75 నుంచే మొదలవుతుంది. అంకె ఒకటే, అర్థం వేరు.

ఉదాహరణ: 2010లో విడుదలైన 'ఫాల్అవుట్: న్యూ వెగాస్'కు మెటాక్రిటిక్‌లో 85 వస్తే, దాన్ని తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు బోనస్ దక్కేది. వచ్చింది 84. ఒక్క మార్కు తేడాతో బోనస్ చేజారింది. ఆ ఒక్క మార్కు నాణ్యతలోని తేడాను చూపుతుందని ఎవరూ రుజువు చేయలేరు. సమీక్షకుల అభిప్రాయాలను అంకెలుగా మార్చి కట్టిన సగటు అది.

కాబట్టి మార్కు చూసినప్పుడు కొలబద్ద వివరణను, సమీక్షల సంఖ్యను, ముఖ్యంగా సమీక్షకుడు చెప్పిన కారణాలను కలిపి చదవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒకే మార్కు సినిమాకు, గేమ్‌కు వేర్వేరు అర్థాన్ని ఎలా ఇస్తుంది?