కారుకు కొత్త మెదడు

కారు నడవాలంటే పెట్రోలు కావాలని అందరికీ తెలుసు. కాని పెట్రోలు ఒక్కటే ఉంటే ఇంజను తిరగదు. గాలి కూడా కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. పెట్రోలు ఎక్కువైతే కొంత మండకుండానే నల్లని పొగలో కలిసి పోతుంది. తక్కువైతే ఇంజను ఎగిరెగిరి పడి ఆగిపోతుంది.

పూర్వం ఈ పాళ్ళు కలిపే పని కార్బురేటరు అనే పరికరం చేసేది. వేగంగా పోయే గాలి సన్నని రంధ్రంలోనుంచి పెట్రోలును తనతో లాక్కుపోయేది. 1967లో జర్మనీలో ఫోక్స్‌వాగన్ 1600 కారుకు బాష్ కంపెనీవారు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ తరవాత ఇరవై ఏళ్ళలో ఈ పని చాలా కార్లలో చిన్న కంప్యూటరు చేతికి వచ్చింది. అదే ఇంజనుకు మెదడు.

ఈ మెదడుకు కళ్ళూ చెవులూ లేవు. దానికి బదులు ఇంజను చుట్టూ సెన్సార్లు ఉంటాయి. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఒకటి చెబుతుంది. గాలి ఒత్తిడి ఎంతో ఇంకొకటి చెబుతుంది. ఇంజను ఎంత జోరుగా తిరుగుతున్నదో మరొకటి చెబుతుంది. ఈ కబుర్లన్నీ తీగల వెంట వస్తాయి. కంప్యూటరు లెక్క కట్టి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను తెరిచి మూస్తుంది. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే, నాలుగు సిలిండర్లకూ కలిసి సెకండుకు 100 సార్లు పెట్రోలు అందాలి. మనం కన్నార్పేలోగా ఆ పని ఎన్నోసార్లు జరిగిపోతుంది!

మరి ఇటువంటి మెదడును తీసి వేరొకటి పెట్టటం సాధ్యమా? సాధ్యమే. అమెరికాలో పాత హోండా సివిక్ కార్లు ఉన్నవాళ్ళు ఈ పని చాలాకాలంగా చేస్తున్నారు. దాని సంగతి తెలుసుకుంటే కారు కంప్యూటరు ఎలా పనిచేస్తుందో బాగా బోధపడుతుంది.

1988 నుంచి 1991 వరకు అమెరికాలో అమ్మిన సివిక్ కార్లలో డి.ఎక్స్. అనే రకం ఒకటి. దాని ఇంజను 1500 సి.సి., శక్తి 92 అశ్వబలం. అందులో గాలి లోపలికి పోయే ద్వారం దగ్గిర రెండే రెండు ఇంజెక్టర్లు ఉంటాయి. అవి చిమ్మిన పెట్రోలు గాలితో కలిసి, నాలుగు దారులుగా చీలి, నాలుగు సిలిండర్లకు పోవాలి. ఒక కుళాయి నీరు నాలుగు మళ్ళకు పారించినట్టన్నమాట. అన్ని మళ్ళకూ సమంగా పారటం కష్టం గదా!

ఎస్.ఐ. అనేది ఇంకొక రకం. దాని ఇంజను 1600 సి.సి., శక్తి 108 అశ్వబలం. ఇందులో ప్రతి సిలిండరుకూ దాని ఇంజెక్టరు దానికే ఉంటుంది. ఒక్కొక్క మడికి ఒక్కొక్క కుళాయి. అందుచేత కొందరు డి.ఎక్స్. కారు ఇంజను తీసేసి, విడగొట్టిన ఎస్.ఐ. కారు నుంచి ఇంజనూ కంప్యూటరూ తెచ్చి అమర్చుకుంటారు.

ఆ కంప్యూటరు ప్రయాణీకుడు కాళ్ళు పెట్టుకునే చోట, తివాచీ కింద ఉంటుంది. చూడటానికి లోహపు పెట్టె. పాత పెట్టె ఊడదీసి కొత్త పెట్టె పెడితే, కారులో ఉన్న కనెక్టర్లు దానికి చక్కగా పట్టేస్తాయి. ఇక పని అయిపోయిందనుకుంటే మట్టుకు పొరపాటే. కనెక్టరు పట్టినంత మాత్రాన తీగలన్నీ ఉన్నట్టు కాదు. పాత పెట్టె ఇద్దరితో మాట్లాడేది. కొత్త పెట్టె నలుగురితో మాట్లాడాలి. అదనంగా వచ్చిన రెండు ఇంజెక్టర్లకు తీగలేవీ?

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. నాలుగు ఇంజెక్టర్లు విడివిడిగా చిమ్మాలంటే ఇప్పుడు ఏ సిలిండరు వంతో కంప్యూటరుకు తెలియాలి. ఈ ఇంజనులో వరస 1, 3, 4, 2. ఈ చక్రంలో మొదటి సిలిండరు వంతు ఎప్పుడు వస్తుందో తెలిస్తే మిగిలినవి లెక్కపెట్టుకోవచ్చు. ఆ కబురు చెప్పే సెన్సారు ఎస్.ఐ. కారు డిస్ట్రిబ్యూటరులో ఉన్నది. డిస్ట్రిబ్యూటరు లోపల తిరిగే ఇనప పన్ను ఒక తీగ చుట్ట పక్కనుంచి పోయినప్పుడు ఆ చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. అదే సంకేతం. డి.ఎక్స్. కారులో ఆ సెన్సారు లేదు గనక దాని తీగలు కూడా లేవు. ఆ రెండు తీగలూ కొత్తగా వేసుకోవాలి. వాటిని తారుమారు చేస్తే విద్యుత్తు అల తలకిందులై, కంప్యూటరు వేళ తప్పుతుంది.

తీగలు వేసేవాళ్ళు ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగను ఊడదీస్తారు. తరవాత తీగ చివర చిన్న లోహపు పిన్ను నొక్కి బిగించి, కనెక్టరులో ఖాళీగా ఉన్న గదిలోకి టిక్కుమనేదాకా తోస్తారు. ఏ గదిలో ఏ తీగ పెట్టాలో బొమ్మ చూసి తెలుసుకోవాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎందుకో తెలుసా? పలచని కాగితం మీద వరసగా 1, 2, 3, 4 అని రాయండి. కాగితాన్ని వెనక్కు తిప్పి వెలుతురుకు పెట్టి చూడండి. మొదట 4 కనబడుతుంది! కనెక్టరు కూడా అంతే. ముందువైపు నుంచి వేసిన బొమ్మను చూస్తూ వెనకవైపు నుంచి లెక్కపెడితే తీగలన్నీ తప్పు గదుల్లో పడతాయి. ఆ తప్పుతో తాళం తిప్పితే పెట్టె లోపలి భాగాలు కాలిపోవచ్చు. ఆ పాత పెట్టెలు విడగొట్టిన కార్ల నుంచే దొరకాలి గనక, కాలిన పెట్టెకు మారు వెతుక్కోవటం తేలిక కాదు.

ఇంజెక్టర్ల సంగతి కూడా చూద్దాం. ఒక్కొక్కదానిలో ఉన్న తీగ చుట్ట నిరోధం సుమారు 2 ఓములు. 12 వోల్టుల బ్యాటరీని నేరుగా తగిలిస్తే, 12ను 2 చేత భాగించగా, 6 ఆంపియర్లు పారుతాయి. కంప్యూటరు లోపలి చిన్న మీటలు అంత విద్యుత్తుకు తట్టుకోలేవు. అందుకని దారిలో ఇంకొక 6 ఓముల నిరోధం పెడతారు. మొత్తం 8 ఓములు అవుతుంది గనక పారేది ఒకటిన్నర ఆంపియరే. ఈ నిరోధాలున్న చిన్న పెట్టెను మరిచిపోతే కొత్త మెదడు ఎక్కువ కాలం బతకదు.

అన్నీ అమర్చాక కూడా వెంటనే ఇంజను తిప్పరు. మీటరు తీసుకుని ప్రతి కొత్త తీగనూ ఈ చివరనుంచి ఆ చివరకు పరీక్షిస్తారు. నిరోధం సున్నాకు దగ్గిరగా ఉంటే తీగ తెగలేదన్నమాట. తరవాత అదే తీగ కారు ఇనుముకు ఎక్కడైనా తగులుతున్నదేమో చూస్తారు. ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు; అది కాపాడేది మొత్తం పెట్టెను.

ఇంతా చేసి ఎక్కడో పొరపాటు జరిగిందనుకోండి. అప్పుడేం చేయాలి? ఆ రోజుల హోండా పెట్టెలో ఒక ముచ్చటైన ఏర్పాటున్నది. పెట్టెకున్న చిన్న రంధ్రంలో ఎర్రదీపం మినుకుమంటూ తన బాధ తానే చెప్పుకుంటుంది! ఆరుసార్లు మినుకుమంటే నీళ్ళ వేడి చెప్పే సెన్సారు దగ్గిర లోపం. తొమ్మిదిసార్లు మినుకుమంటే మొదటి సిలిండరు వంతు చెప్పే సెన్సారు దగ్గిర లోపం. అంటే మనం కొత్తగా వేసిన ఆ రెండు తీగలనే ముందుగా చూసుకోవాలి. పెట్టెను నిందించి ఇంకొక పెట్టె కొనేవాడు డబ్బు పోగొట్టుకుంటాడు. దీపం లెక్కపెట్టి తీగ వెంట వెళ్ళేవాడు కారు నడుపుకుంటాడు.

కారు తీగలు పెద్దవాళ్ళు తగిన పనిముట్లతో చూడవలసినవి. మీరు వాటిని ముట్టుకోకండి. అయితే చూడటానికి అడ్డేమీ లేదు. ఈసారి కారు ఎక్కినప్పుడు, తాళం తిప్పగానే ఎదుట ఇంజను బొమ్మతో ఒక దీపం వెలుగుతుందేమో గమనించండి. ఇంజను బయలుదేరగానే అది ఆరిపోతే అంతా క్షేమమే. ఆరకుండా ఉండిపోతే, మెదడు ఏదో చెప్పాలనుకుంటున్నదని ఇంట్లోవాళ్ళకు చెప్పండి.