అనుము, చిక్కుడు: ఒకే తీగకు రెండు బతుకులు

కడప జిల్లాలో అనుము, చిక్కుడు అని రెండు పేర్లతో పిలిచేది నిజానికి ఒకే జాతి మొక్క. శాస్త్రంలో దాని పేరు లాబ్లాబ్ పర్‌ప్యూరియస్. పెరట్లో పందిరికెక్కి, తొక్కతో సహా కూరకు పనికొచ్చే లేతకాయనిచ్చేది చిక్కుడు. చేలో పంటగా నిలిచి గింజనిచ్చేది అనుము. దాని పచ్చికాయే అనపకాయ. అనపకాయను చేత్తో నలిపితే వేళ్లకు జిడ్డు, దానితో పాటు ఒక ఘాటైన వాసన అంటుకుంటాయి. సీమ వాళ్లకు శీతాకాలం వచ్చిందని చెప్పే వాసన అది. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ కాబట్టి, అక్కడి నుంచి వచ్చినవాళ్లు ప్రొద్దుటూరు కూరగాయల అంగట్లో ఒక్క క్షణం తికమక పడక తప్పదు. గోరుచిక్కుడు పేరులో చిక్కుడు ఉన్నా అది పూర్తిగా వేరే మొక్క.

ఈ తీగ అడవి బంధువులు ఆఫ్రికాలో ఉన్నాయి. అయితే అది దక్కనుకు వచ్చి వేల ఏళ్లయింది. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, వెంకటసుబ్బయ్య వంటి పరిశోధకులు దక్షిణాదిలోని నవీన శిలాయుగపు ఊళ్ల మట్టిని నీటిలో కడిగి, మాడి మిగిలిన గింజలను ఏరి పరీక్షించారు. వాళ్లు పనిచేసిన చోట్లలో జమ్మలమడుగుకు దగ్గరలోని పెద్దముడియం ఒకటి. ఆనాటి దక్షిణాది ప్రజల ముఖ్యమైన పప్పుధాన్యాలు ఉలవ, పెసర. కొన్ని చోట్ల సుమారు 3,500 ఏళ్ల కిందటి పొరల్లో వాటి పక్కన అనుము కూడా కనిపించింది.

అనుము గురించి ముందుగా తెలుసుకోవలసింది దాని కాలజ్ఞానం. పగలు పొట్టిబడి రాత్రి పొడుగైతేనే నాటురకాలు పూతకొస్తాయి. ప్రొద్దుటూరులో జూన్ నెలలో పగలు దాదాపు 13 గంటలుంటే, డిసెంబరులో 11 గంటల 15 నిమిషాలకు తగ్గుతుంది. అందుకే ఆషాఢంలో వేసినా శ్రావణంలో వేసినా పూత ఇంచుమించు ఒకేసారి, చలి మొదలయ్యే వేళకు వస్తుంది. ముందు వేసిన తీగ ఎక్కువ పాకుతుంది, అంతే తేడా. ఎండాకాలంలో విత్తితే ఆకులు తప్ప కాయలుండవు. విత్తనం మంచిది కాదని, మందు చాలలేదని చాలామంది అనుకుంటారు గానీ, తప్పు వాటిది కాదు. ఈ కట్టుబాటు లేని రకాలను బెంగళూరు శాస్త్రవేత్తలు తయారుచేశారు. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన హెచ్‌ఏ-3, హెచ్‌ఏ-4 అనుము రకాలు, ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ పొట్టి చిక్కుళ్లు ఏ కాలంలో వేసినా పూస్తాయి. కానీ పందిరి నిండా పాకి నెలల తరబడి కాసే గుణం మాత్రం నాటు తీగదే.

జిల్లాలోనే మూడు ఊళ్లను చూస్తే నేలలు మూడు తీర్లు. ప్రొద్దుటూరు పెన్న ఒడ్డున ఉంది, కేసీ కాలువ నీళ్లూ అందుతాయి. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి, శనగ, పత్తి. పులివెందుల వైపు ఎర్రనేలలు, శెనక్కాయ, చీనీ తోటలు, అరటి. అనుముకు ఎర్రనేల అనువు. శెనక్కాయ సాళ్ల మధ్య అక్కడక్కడ కందితో పాటు ఒక అనుము సాలు వేయడం సీమ మెట్టసేద్యంలో పాత పద్ధతి. వాన ముఖం చాటేసి శెనక్కాయ దెబ్బతిన్నా, లోతుకు వేరు దించుకునే అనుము ఆలస్యంగా పడిన వానతో కోలుకుని ఇంటికి గింజలు, పశువుకు మేత ఇస్తుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి దీనికి యూరియా అవసరం తక్కువ. ఎక్కువ వేస్తే ఆకు విపరీతంగా పెరిగి, పూత తగ్గుతుంది. ఆస్ట్రేలియా వాళ్లు అనుముకున్న మేత గుణాన్ని గుర్తించే కెన్యా నుంచి తెచ్చిన రొంగాయ్ అనే రకాన్ని 1962లో విడుదల చేశారు. నల్లరేగడిలో మాత్రం నీరు నిలవని గట్టు మీదే గింజ నాటాలి, లేకపోతే వేరు కుళ్లుతుంది.

ఇంటి చిక్కుడుకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. దొడ్లో ఒక గుంత తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి మూడు నాలుగు గింజలు వేస్తే వారంలో మొలుస్తాయి. బలమైన రెండు మొలకలు ఉంచి మిగతావి తీసేయాలి. కంప మీదికో, పందిరి మీదికో, మట్టిమిద్దె అంచుకో దారి చూపిస్తే చాలు, మిగిలిన పని తీగే చూసుకుంటుంది. పందిరెక్కాక కొనలు తుంచితే పక్క రెమ్మలు వచ్చి పూత పెరుగుతుంది.

చలికాలంలో పెద్ద బెడద పేనుబంక. లేత కొనలకు, పూగుత్తులకు నల్లగా పట్టేస్తుంది. తొలిరోజుల్లోనే ఆ కొనలు తుంచి దూరంగా పారేయడం, పొద్దున మంచు తడి ఉండగా బూడిద చల్లడం, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొంచెం సబ్బునీళ్లతో కలిపి పిచికారీ చేయడం ఇంటి పందిరికి సరిపోతాయి. వారానికి రెండుసార్లయినా కాయలు కోసే తీగకు విష మందులు కొట్టడం మంచిది కాదు.

వంట దగ్గర ఈ తీగ మూడు వయసుల్లో మూడు రుచులిస్తుంది. లేతకాయను రెండు వైపులా ఈనె లాగి తుంచి, వెల్లుల్లి కారంతోనో, టమోటాతోనో, వంకాయతోనో కూర చేస్తారు. కాయ ముదిరి గింజ నిండితే అది అనపగింజల పులుసు. రాగిసంగటికి దీన్ని మించిన జోడీ అరుదు. పచ్చి గింజలను రాత్రంతా నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తొక్క వీడి పప్పు బయటికి దూకుతుంది. అలా పితికి తీసినది కాబట్టి అది పితికిపప్పు. ధనియాలు, కొబ్బరి, అల్లం, వెల్లుల్లి నూరి వేసి ఉడికిస్తే మాంసం కూరతో పోటీపడుతుంది. శేరు గింజలు పితకడానికి ఇంట్లో అందరూ చుట్టూ కూర్చోవాల్సిందే. కన్నడ సీమలోనూ అవరె పేరుతో ఇదే వంట, ఇదే శ్రమ.

ఎండు అనుముల్లో నాలుగో వంతు దాకా మాంసకృత్తులుంటాయి. కానీ ఎండుగింజను పచ్చిగా తినకూడదు. అందులో సయనైడ్‌నిచ్చే పదార్థాలు, జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మూత తీసి బాగా ఉడికించాలి. ఆ తరువాతే గుగ్గిళ్లయినా, పులుసయినా.

మాఘశుద్ధ సప్తమి నాటికి కాత నిండుగా ఉంటుంది. రథసప్తమి పూజలో చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి సూర్యుడికి రథం చేయడం, పరమాన్నం చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టడం తెలుగు ఇళ్లలో ఆచారం. పొద్దు పొట్టిబడితే పూసే తీగను పొద్దుకే సమర్పించడం ఎంతో సముచితంగా ఉంది.

విత్తనం కోసం పందిరి మొదటి కాతలోనే, తెగులు లేని తీగను ఎంచి, నిండైన కాయలను కోయకుండా తీగ మీదే ఎండనివ్వాలి. గింజ తీశాక మళ్లీ ఎండబెట్టి, బూడిదలో కలిపి కుండలో దాచితే పుచ్చు పురుగు దరిచేరదు. చిన్న పందిరికి పదిహేను కాయలు వదిలినా వచ్చే ఆషాఢానికి సరిపోతాయి. పక్కింటికి ఇవ్వడానికీ మిగులుతాయి.