పికప్‌కి ఆల్-టెరైన్ టైర్లా? లుక్ కాదు, సైడ్‌వాల్ మీద నంబర్లు చూడండి

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ కావచ్చు, టయోటా హైలక్స్ కావచ్చు.. పికప్ కొన్న కొన్నాళ్లకే చాలామంది కన్ను ఆల్-టెరైన్ (ఏటీ) టైర్ల మీద పడుతుంది. పెద్ద పెద్ద బ్లాకులు, తెల్ల అక్షరాలు.. ఆ లుక్కే వేరు, కాదనలేం. కానీ మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొన్నట్టు లుక్ చూసి టైర్ కొంటే ఇబ్బందే.

మీ బండి ఎక్కువగా హైవే మీదే తిరుగుతుందా? అయితే కంపెనీ ఇచ్చిన హైవే టైర్లే నయం. ఏటీ టైర్‌లో గాడులు ఎక్కువ, రోడ్డుకు ఆనే రబ్బరు తక్కువ. దాంతో మోత పెరుగుతుంది, మైలేజ్ తగ్గుతుంది. అసలు భయం వానలో సడన్ బ్రేక్ కొట్టినప్పుడే. తడి తారు రోడ్డు మీద ఇవి సాధారణంగా కాస్త ఎక్కువ దూరం వెళ్లి ఆగుతాయి. పైగా లోడు లేని పికప్‌కి వెనకభాగం తేలిక, జారడానికి రెడీగా ఉంటుంది.

రోజూ కంకర రోడ్లు, క్వారీలు, కొండదారులు తప్పనివాళ్లకు మాత్రం ఏటీ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. అయితే వానాకాలం దీన్ని నమ్ముకుని నల్లరేగడిలోకి దిగకండి. ఆ జిగట మట్టి గాడుల్లో నిండిపోయిందంటే కొత్త టైరూ అరిగిపోయిన టైర్‌లా నున్నగా తిరుగుతుంది. అక్కడ మడ్-టెరైన్ టైర్లకే చెమటలు పడతాయి!

షాపులో ముందు చూడాల్సింది లోడ్ ఇండెక్స్. 265/60 ఆర్18 110హెచ్ అని ఉంటే, 110 అంటే ఒక్కో టైర్ 1,060 కిలోల వరకు మోస్తుందని అర్థం. ఈ నంబర్ కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. సైజ్ ముందు ‘ఎల్‌టీ’ ఉంటే టైర్ దృఢంగా ఉంటుంది, కానీ అదే బరువు మోయడానికి గాలి ఎక్కువ కావాలి. డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న ప్రెజర్ దీనికి సరిపోదు. ఖాళీ బండిలో కుదుపులూ ఎక్కువే.

లుక్ కోసం 265/65 ఆర్18కి మారితే టైర్ వ్యాసం దాదాపు 3.4 శాతం పెరుగుతుంది. అంటే మీటర్ ఎప్పటిలాగే 100 చూపిస్తున్నా, బండి మునుపటికంటే అంత శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది.

డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 1825 అయితే, అది 2025లో 18వ వారం తయారైన టైర్. డిస్కౌంట్ ఎక్కువ ఇస్తున్నారంటే ఇక్కడ ఓ కన్నేయండి. సైజ్ మారిస్తే స్టెప్నీ కూడా మార్చాల్సిందే. ఒక చక్రం చిన్నదై, మూడు పెద్దవైతే ఫోర్-వీల్ డ్రైవ్ వేసినప్పుడు గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి రేటు అడిగేటప్పుడే ఐదు టైర్లకు అడగండి.