కాఫీ యంత్రమునకు పట్టు గార

బోరునీరు వాడు హైదరాబాదు ఇండ్లలో, నీళ్ళు కాచు గిన్నె అడుగునను గీజరు కడ్డీమీదను పేరుకొను తెల్లని గారను ఎఱుగనివారుండరు. ఆ గారయే, నేడు కొందఱి వంటగట్టులమీద వెలసిన ఎస్ప్రెస్సో యంత్రపు బాయిలరులోను, దాని సన్నని గొట్టములలోను, కంటికి కనబడకుండ పెరుగుచుండును.

నేలపొరలలో ఊరిన నీరు కాల్షియం బైకార్బొనేటును తనలో కరగించుకొని వచ్చును. చల్లగా నున్నంతవఱకు అది అణగియుండును గాని, వేడి హెచ్చినకొలదిని బొగ్గుపులుసు వాయువు కొంత విడివడి పోగా, మిగిలినది కరగని సుద్దయై లోహము నంటుకొనును. ఎస్ప్రెస్సోకు 90 మొదలు 96 డిగ్రీల వేడినీరు కావలయును. పాలను నురగెత్తించు ఆవిరికి అంతకంటె మిక్కిలి వేడి కావలయును. భారత ప్రమాణములు త్రాగునీటి కాఠిన్యమునకు లీటరుకు 200 మిల్లీగ్రాముల మేరను విధించి, వేఱు నీరు దొరకనిచోట 600 వఱకు సమ్మతించినవి; మనిషి త్రాగదగిన ఆ నీరే యంత్రమునకు భారమగును. గార దళసరియైనచో వేడి నీటికి సరిగా నందదు. అరకులోయ మేలైన గింజయైనను అప్పుడు పలుచనై, పుల్లనై దిగును.

దీనికి కిరాణాకొట్టులో దొరకు నిమ్మఉప్పు చాలును. ఊడివచ్చిన గారపెచ్చు నొకదానిని చెంచాలో నుంచి, నిమ్మఉప్పు నీటిని చుక్కచుక్కగా పోసి చూడుడు: సుయ్యిమని నురగ లేచును, సుద్దలో బందీయైయున్న బొగ్గుపులుసు వాయువే అట్లు బుడగలై వెలువడుచున్నది. వెనిగరును నేను మెచ్చను, దాని వాసన రబ్బరు వాషర్లను పట్టి త్వరగా వదలదు. అల్యూమినియపు బాయిలరైనచో మాత్రము ఆమ్లము ఆ లోహమును తినును గనుక, తయారీదారు చెప్పిన మందునే వాడవలయును.

తొట్టిలోని ఫిల్టరును తీసి, లీటరు గోరువెచ్చని నీటిలో 20 గ్రాముల నిమ్మఉప్పు కలిపి, ఒక కప్పుడు కాఫీదారిని, కొంత ఆవిరిగొట్టమున వెడలించి, యంత్రమును ఆర్పి, 20 నిముషములు ఊరనిండు. ద్రావకమును మరిగింపరాదు, మరిగినచో కాల్షియం సిట్రేటు అను మఱియొక మడ్డి ఏర్పడవచ్చును. ఏండ్ల తరబడి గార తీయని యంత్రమును మెకానిక్కున కప్పగించుటయే క్షేమము. ఒక్కసారిగా ఊడిన పెచ్చులు ఇరుకు వాల్వులలో చిక్కుకొనును. బోరునీరు పోయువారు రెండు నెలలకొకసారియైనను ఈ శ్రమ పడవలయునని నా తలంపు.

తరువాత రెండు తొట్ల మంచినీరు పంపి, చివరి కప్పునీటిని నాలుకకు తగిలించి చూచి, పులుపు ఇంకను తెలిసినచో మఱియొక తొట్టి పంపి, అప్పుడే పొడి నింపుడు.