నెత్తురులో జొరబడు శిలీంధ్రము

పలాసలో 2023వ సంవత్సరమున 200 పడకల మూత్రపిండ వైద్యశాల తెఱువబడినది. ఉద్దానపు కష్టమెఱిగిన వారెవరు సంతసింపరు? కాని డయాలిసిసునకై మెడలో అమర్చు గొట్టమే దారిగా కాండిడా యను ఈస్టు రక్తమున జొరబడగలదు. అందు 2009లో జపానున మొదట వర్ణింపబడిన ఆరిస్ జాతి ఫ్లూకొనజోలునకు చాలవఱకు లొంగదు. పాతపరీక్షలు దానిని వేఱుజాతిగా భ్రమించుటయు కలదు. 2022లో ప్రపంచారోగ్యసంస్థ దీనిని అత్యంత ప్రమాదకర శిలీంధ్రముల వరుసలో చేర్చెను. మైకాఫంజిను వంటి మందులకు తఱచు లొంగును గాని, వాని వెల పేదరైతు మోయగలదియా? నమూనా దూరనగరమునకు పోయి ఫలితము మరలి వచ్చువఱకు జ్వరము కాచుకొని యుండదు. కావున జాతిని నిర్ణయించి, లొంగు మందేదో తేల్చు ప్రయోగశాలలను శ్రీకాకుళ విజయనగర జిల్లాలలో డయాలిసిసు జరుగు పెద్దాసుపత్రులయందే నెలకొల్పవలెనని ప్రభుత్వమువారిని కోరుచున్నాము.